గిటారు మీద ద్విపద

మహబూబ్‌నగర్‌లో గానీ నల్లగొండలో గానీ కాలేజీ వార్షికోత్సవానికి వెళ్తే ఈమధ్య ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. స్టేజీ మీద ఒక అకౌస్టిక్ గిటారు, ఒక బేస్ గిటారు, డ్రమ్స్, ఆ పక్కనే ఒక డప్పు. మొదట రెండు మూడు సినిమా పాటలు అవుతాయి, చప్పట్లు మామూలుగానే పడతాయి. ఆ తర్వాత గిటారు ఒక్కటే మెల్లగా మోగుతుంటే పాడే అబ్బాయి ‘పల్లె కన్నీరు పెడుతుందో’ అని ఎత్తుకుంటాడు. రెండో పాదానికల్లా హాలంతా అందుకుంటుంది. ఆ పాట 2002లో ‘కుబుసం’ సినిమాతో ఊరూరా తిరిగింది. ఇప్పుడు హాల్లో ఉన్న పిల్లల్లో చాలామంది అప్పటికి పుట్టనే లేదు. అయినా చరణాలతో సహా నోటికి వచ్చు.

వాయిద్యం మారింది, వేదిక మారింది, వినేవాళ్ల తరం మారింది. పాట మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకు? యాస బాగుందనీ, బీట్ ఊపు ఇస్తుందనీ, బాధ నిజమైనదనీ సాధారణంగా చెప్పే జవాబులు. అవి తప్పు కాదు గానీ చాలవు. యాస, ఊపు ఉన్న పాటలు ఏటా వందలు వస్తున్నాయి, ఏడాది తిరక్కుండానే మరుగున పడుతున్నాయి. నిలిచిన పాటల్లో ఇంకొకటేదో ఉంది. తెలంగాణలో పాట ‘రాశాడు’ అనరు, ‘కట్టిండు’ అంటారు. ఆ మాటలోనే అసలు సంగతి ఉంది. పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా), నల్లగొండ పాటల్లో సాహిత్య ప్రభావం ఎక్కడుందని వెతికేవాళ్లు పోతన పద్యమో, పురాణ ప్రస్తావనో దొరుకుతుందేమోనని చూస్తారు. అది మాటల్లో కంటే కట్టుబడిలో ఎక్కువ ఉంది.

ఇందాకటి పాటనే దగ్గరగా చూద్దాం. గోరటి వెంకన్న కట్టిన ఆ పాటలో ఒక చరణం ‘కుమ్మరి వామిన తుమ్మలు మొలిసెను’ అని మొదలవుతుంది. వామి అంటే కుండలు కాల్చే ఆవం. మాత్రలు (లఘువుకు ఒకటి, గురువుకు రెండు) లెక్కపెడితే కుమ్మరి నాలుగు, వామిన నాలుగు, తుమ్మలు నాలుగు, మొలిసెను నాలుగు. మొత్తం పదహారు, నాలుగు సమాన ముక్కలు. రాక్ సంగీతం నడిచేదే నాలుగు దెబ్బల మీద. డ్రమ్మర్ ఏమీ సర్దుకోనక్కర్లేదు, పాదం దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఇక అక్షరాలు చూడండి. కుమ్మరి, తుమ్మలు, ఆ వెంటనే వచ్చే కమ్మరి, దుమ్ము: నాలుగింటిలోనూ రెండో అక్షరం ‘మ్మ’. ఆ తర్వాత పాదంలో పెద్ద, మొద్దు అని ‘ద్ద’ జత. ఆపైన సాలెల మగ్గం దగ్గర సాలె, సడుగు అని ‘స’తో ‘స’. బడిలో పద్యానికి నేర్పే ప్రాస, యతి ఇవే. కాకపోతే ఇక్కడ నియమం కోసం రాలేదు, నోటికి గుర్తుండటం కోసం వచ్చాయి. పుస్తకం చేతిలో లేని చోట ప్రాసే పుస్తకం. ఒక్క మాట గుర్తొస్తే చాలు, అది రెండో మాటను లాక్కొస్తుంది.

ఈ నేర్పు ఆ గడ్డకు ఎక్కడినుంచి వచ్చింది? తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. 354 మంది కవులను చూపించారు. ఆయనదీ పాలమూరు నేలే. గద్వాల, వనపర్తి, కొల్లాపురం, ఆత్మకూరు సంస్థానాలు పండితులను పోషించిన జిల్లా అది. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అని పేరే పడింది. అయితే ఆ సంచిక ప్రధానంగా పద్యకవుల లెక్క. కోట లోపల అవధానాలు జరుగుతున్న రోజుల్లోనే కోట బయట భజన మందిరంలో కీర్తన, చావడిలో యక్షగానం, చావు ఇంట్లో తత్వం నడిచాయి. ఈ రెండు లోకాల మధ్య పెద్ద గోడ ఉందని అనుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ గోడ నిజానికి చాలా పలచనిది. దానికి సాక్ష్యం ద్విపద, రెండేసి పాదాలుగా నడిచే ఛందస్సు.

నాగర్‌కర్నూల్ దగ్గరి నంది వడ్డెమాన్ ఒకప్పటి వర్ధమానపురం, గోన వంశం వారి రాజధాని. ‘రంగనాథ రామాయణం’ కర్తగా చెప్పే గోన బుద్ధారెడ్డి ఆ వంశం వాడు. ఆ రామాయణం మొత్తం ద్విపదలోనే ఉంది. వారధి కట్టేటప్పుడు ఇసుక మోసిన ఉడుత కథ వాల్మీకిలో లేదు, రంగనాథ రామాయణంలో ఉంది. అంటే జనం నోట్లో ఉన్న కథ పుస్తకంలోకి ఎక్కింది. ఎక్కాక మళ్లీ పాటగా జనంలోకి దిగింది. ప్రభావం అనగానే పైనుంచి కిందికి పారే నీళ్లలా ఊహిస్తాం గానీ, ఇక్కడ రాకపోకలు రెండు వైపులా ఉన్నాయి.

ద్విపద ఎందుకు ఎంచుకున్నాడో పాల్కురికి సోమనాథుడు ‘బసవ పురాణం’లో స్వయంగా చెప్పాడు:

ఉరుతర గద్యపద్యోక్తులకంటె
సరసమై పరగిన జానుదెనుంగు
చర్చింపగా సర్వసామాన్యమగుట

పెద్ద పెద్ద గద్యపద్యాల కంటే జానుతెనుగు, అంటే సులువైన తెలుగు, సరసమైంది, అందరిదీ అని ఆయన మాట. ‘సర్వసామాన్యం’ అన్న పదం ఎనిమిది వందల ఏళ్ల కింద పడింది. ఇప్పుడు ఈ మూడు పాదాల మాత్రలు లెక్కపెడదాం. ద్విపద పాదానికి మూడు ఇంద్రగణాలు (నాలుగు లేదా అయిదు మాత్రల ముక్కలు), ఒక సూర్యగణం (మూడు మాత్రల ముక్క). మొదటి పాదంలో ఉరుతర, గద్యప, ద్యోక్తుల, కంటె అని విరిస్తే నాలుగు, అయిదు, నాలుగు, మూడు. మొత్తం పదహారు. రెండో పాదం అయిదు, నాలుగు, నాలుగు, మూడు. అదీ పదహారే. మూడో పాదం అయిదు, అయిదు, అయిదు, మూడు. పద్దెనిమిది.

కుమ్మరి వామి పాదంలో ఉన్నదీ పదహారు మాత్రలే. కానీ దాన్ని సమంగా కోశారు, దీన్ని ఎగుడుదిగుడుగా కోశారు. పైగా మూడో పాదానికి వచ్చేసరికి రెండు మాత్రలు పెరిగాయి. కాగితం మీద ఇది చిన్న తేడా. పాడేటప్పుడు పెద్ద తేడా. తాళం వేసుకుంటూ ద్విపద చెప్పే కథకుడు పొట్టి పాదం చివర సాగదీస్తాడు, పొడుగు పాదాన్ని కొంచెం తొందరగా అంటాడు. తాళం తప్పదు, మాట మాత్రం ఊపిరి పీల్చినట్టు సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. జానపద గాయకుడి గొంతులో మనం ‘జీవం’ అని పిలుచుకునేది చాలావరకు ఈ సాగదీతే. బ్యాండ్ వాళ్లు క్లిక్ క్లిక్‌మని తాళం కొలిచే మెట్రోనోమ్ పెట్టుకుని, ప్రతి మాటనూ క్లిక్ మీద కూర్చోబెట్టి రికార్డు చేసినప్పుడు ముందుగా పోయేది అదే. పాట శుభ్రంగా వినిపిస్తుంది, కానీ ఎవరో అప్పజెప్పినట్టు ఉంటుంది. గొంతును వదిలేసి డ్రమ్స్‌ను మాత్రమే క్లిక్‌కు కట్టిన బ్యాండ్లు ఈ ప్రమాదం నుంచి బయటపడతాయి.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. తెలుగు క్లాసులో ద్విపదను గణవిభజన చేసి రెండు మార్కులు తెచ్చుకునే లెక్కగానే నేర్పుతున్నారు. ఒక్కసారి పాడి వినిపిస్తే చాలు, గిటారు పట్టుకున్న ఏ పిల్లవాడికైనా అది తన పనికొచ్చే సామాను అని తెలిసిపోతుంది.

సోమనాథుడే ‘పండితారాధ్య చరిత్ర’లో ఆనాటి జనం పాడుకునే పదాల పేర్లు వరసపెట్టాడు: తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం, పడమటి ద్వారం అలంపురం. రెండూ పాలమూరివే. నల్లమల దారి పట్టి కొండకు నడిచిన భక్తులు పాడుకుంటూ నడిచారు, ఆ పాటల జాబితా కావ్యంలోకి ఎక్కింది. మన్నెంకొండ హనుమద్దాసు, వేపూరు హనుమద్దాసు కీర్తనలు ఆ తర్వాతి కాలంలో అదే బాట పట్టాయి. పాలమూరు భజన మేళాల్లో ఇవి ఇప్పటికీ వినపడతాయి. ఒకరు ఎత్తుకోవడం, పదిమంది వంత పాడటం, చివరి చరణానికి వేగం పెంచడం అన్నవి రాక్ కచేరీ నుంచి నేర్చుకోవాల్సినవి కావు, ఊరి భజనలో ఉన్నవే.

జాబితా అన్న మాట వచ్చింది కాబట్టి, కట్టుబడిలో రెండో పెద్ద అంశం అదే. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె అని ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరిస్తూ ఊరంతా తిరిగివచ్చే పద్ధతి ఒక కవి కొత్తగా కనిపెట్టింది కాదు. దాని వెనక కులపురాణాలున్నాయి. తెలంగాణలో దాదాపు ప్రతి వృత్తికులానికీ ఒక పురాణం, ఆ పురాణం చెప్పే ఆశ్రిత కులం ఉండేవి. దక్కలివాళ్లు మాదిగలకు కిన్నెర అనే తీగ వాయిద్యం మీద జాంబపురాణం చెప్పేవాళ్లు. ఫలానా కులం ఎట్లా పుట్టింది, ఏ పనిముట్టు ఎవరిచ్చారు, ఊరికి ఆ చేతిపని ఎందుకు అవసరం అన్న వరసలో కథ నడుస్తుంది. కులపురాణం పుట్టుక చెబుతుంది. ‘పల్లె కన్నీరు’ అదే వరసలో అవే పనిముట్లను చూపిస్తూ చావు చెబుతుంది: వామిలో తుమ్మలు, కొలిమిలో దుమ్ము, మొద్దుబారిన బాడిస, విరిగిన సడుగు. తెలిసిన వరసే కాబట్టి వినేవాడి మనసు తర్వాతి పేరు కోసం ముందే ఎదురుచూస్తుంది. వచ్చిన పేరు పక్కన ఉండాల్సిన పని లేకపోయేసరికి గుండె కలుక్కుమంటుంది. ఈ దెబ్బ బాణీ వల్ల తగిలింది కాదు.

దీనికి తోడు పాట మొత్తం వలపోత. చావు ఇంట్లో ఆడవాళ్లు రాగం తీసి ఏడ్చేటప్పుడు పోయినవాళ్ల గుణాలు, వాళ్లు వాడిన వస్తువులు ఒక్కొక్కటే తలుచుకుంటారు. ఊరినే పోయిన మనిషిగా తలుచుకుని ఏడ్వడం ఆ పాటలోని ఊహ. 2016లో బాబ్ డిలాన్‌కు నోబెల్ వచ్చినప్పుడు పాట సాహిత్యం అవుతుందా అని లోకమంతా వాదించుకుంది. 2021లో గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’కు కవిత్వంలో సాహిత్య అకాడెమీ అవార్డు ప్రకటించినప్పుడు తెలుగులో ఆ వాదన పెద్దగా వినపడలేదు. పాటను కవిత్వంగా చూడటం ఇక్కడ పాత అలవాటే.

కిన్నెర గురించి ఇంకొంచెం చెప్పాలి. పన్నెండు మెట్ల కిన్నెరతో నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ పాడతారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, ఆ ముందు ఏడాది ‘భీమ్లా నాయక్’ పాట మొదట్లో ఆయన గొంతు దేశమంతా విన్నది. ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచిన పండుగ సాయన్న పాలమూరు వీరుడు. ఆ కథ చెప్పే తీరులో పాట, వచనం కలిసి నడుస్తాయి. నాలుగు పాదాలు పాడి, తీగ మీటుతూనే రెండు మాటలు మామూలుగా చెప్పి, మళ్లీ పాటలోకి వెళ్తారు. యక్షగానంలో దరువు అనే పాట, వచనం ఒకదాని వెంట ఒకటి వచ్చే పద్ధతి కూడా ఇలాంటిదే. మన జానపద బ్యాండ్లు దీన్ని దాదాపు ముట్టుకోలేదు. పాట మధ్యలో మాట చెబితే జనం బోర్ ఫీలవుతారని భయం. కానీ గిటారు ఒకే కార్డ్ (స్వరాల జత) మీద నిలిచి మోగుతుండగా కథ చెప్పి, సరైన చోట డప్పు దెబ్బ వేసి పాట ఎత్తుకుంటే ఆ హాలు ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు. చేతికి అందే దూరంలో ఉన్న అవకాశం ఇది.

నల్లగొండ దారి వేరు. అక్కడ పాట కట్టుబడిని నిజాంకు, దొరలకు ఎదురు తిరిగిన తెలంగాణ సాయుధ పోరాటం మలిచింది. 1946 జులై 4న ఆ పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమరయ్య కడవెండిలో చనిపోయాడు. కడవెండి అప్పుడు నల్లగొండ జిల్లాలోదే. సభ పెడితే పోలీసులు వస్తారు, కరపత్రం పంచితే చదివేవాళ్లు తక్కువ. అందుకని జనానికి ముందే తెలిసిన రూపంలో కొత్త మాట పెట్టారు. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, బుర్రకథ, పిట్టలదొర, ఫకీరు వేషం అన్నింటినీ వాడుకున్నాడు. ‘వెట్టిచాకిరి విలాపం’ పేరుతో యక్షగానం కట్టాడు. పేరులోనే విలాపం ఉంది. వలపోత మళ్లీ ఎదురైంది.

ఆయన ‘పల్లెటూరి పిల్లగాడా, పసులగాసే మొనగాడా’ తీసుకోండి. పల్లె, పిల్ల: మొదటి అక్షరం ప, రెండో అక్షరం ల్ల. మూడో మాట పసుల, మళ్లీ ప. చివర గాడా, గాడా. మాత్రలు లెక్కేస్తే మొదటి సగం పదమూడు, రెండో సగం పదమూడు. రెండింటిలో మాటల బరువు మాత్రం తారుమారు: ముందు ఆరు ఏడు, తర్వాత ఏడు ఆరు. ఇంత పని ఒక్క పాదంలో జరిగింది, వినేవాడికి మాత్రం ఎవరో పిల్లవాణ్ని పిలిచినట్టే ఉంటుంది. పిలుపే ఈ పాటకు ప్రాణం. పాలు మరిచి ఎన్నాళ్లయిందని అడుగుతాడు, జవాబు చెప్పడు. జీతగాడిగా కుదిరిన పసివాడి బతుకంతా ఆ ప్రశ్నలో ఉంది.

బండి యాదగిరి ‘బండెనక బండి కట్టి’లో కూడా పిలుపే, కానీ అది శత్రువును. నైజాము సర్కారును కొడుకో అని, సర్కరోడా అని ఎదురుగా నిలబెట్టి మాట్లాడతాడు. గోలకొండ ఖిల్లా కింద నీ గోరి కడతాం అంటాడు. గోలకొండ, గోరి అని ‘గో’ జత, ఖిల్లా, కింద, కడతం, కొడుకో అని క-ఖల వరస. గోరి ఉర్దూ నుంచి వచ్చిన మాట, ఖిల్లా కూడా అంతే. పాలకుడి భాషలోంచే సమాధికి మాట తెచ్చి పాలకుడికి తిప్పికొట్టాడు. అదే పాటలో నైజాము నాజీలను మించాడని ఉంది. నల్లగొండ పల్లెలో బండి తోలుకునేవాళ్ల నోట్లోకి నాజీ అన్న మాట ఎట్లా వచ్చింది? రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కమ్యూనిస్టు పార్టీ వాళ్లు చదివి వినిపించిన పత్రికల్లోంచి, మీటింగుల్లోంచి రావాలి. ఈ ఒక్క మాట చాలు, ఆనాటి పాట ఏం చదువుకుందో తెలియడానికి. ‘మా భూమి’ సినిమాతో ఈ రెండు పాటలూ ఇంకో తరానికి చేరాయి. ఇప్పుడు ఎలక్ట్రిక్ గిటారు మీద కూడా ‘బండెనక బండి’ నిలుస్తోందంటే అందుకు కారణం ఆ పిలుపు. కోపంగా ఒక మనిషిని పేరుపెట్టి పిలిచే పాటకు గిటారు మోతను గరగరలాడించే డిస్టార్షన్ అతికినట్టు ఉంటుంది.

అచ్చు పుస్తకంలోని కవిత నేరుగా పాటలోకి వచ్చిన సందర్భం కూడా సుద్దాల ఇంట్లోనే ఉంది. హనుమంతు కొడుకు అశోక్ తేజకు 2003 సంవత్సరానికి ‘ఠాగూర్’ సినిమా పాటకు ఉత్తమ గీత రచయితగా జాతీయ అవార్డు వచ్చింది. ఆ పాట పల్లవి శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’లోని ‘నేను సైతం ప్రపంచాగ్నికి సమిధనొక్కటి ఆహుతిచ్చాను’. నేను సైతం ఏడు మాత్రలు, ప్రపంచాగ్నికి ఏడు, సమిధనొక్కటి ఏడు. మూడు, నాలుగు కలిసిన ఈ ఏడు మాత్రల నడకను గురజాడ 1910లో ముత్యాల సరంతో ఆధునిక కవిత్వంలో పాపులర్ చేశాడు. ఏడును నాలుగు దెబ్బల మీద పరచాలంటే ఎక్కడో ఒక మాత్ర సాగాలి. గిటారు నేర్చుకునే పిల్లలు ఈ నడకను పట్టుకుంటే వాళ్ల సొంత పాటలకు చాలా ఉపయోగం. అన్నీ నాలుగులోనే కడితే అన్ని పాటలూ ఒకే పాటలా వినిపిస్తాయి.

తత్వాల సంగతి క్లుప్తంగా. నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్ప బుర్రవీణ మీద తత్వాలు పాడతారు, తెలుగులోనూ కన్నడలోనూ. 2024లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. వీరబ్రహ్మం తత్వానికైనా వేమన పద్యానికైనా చివర తిరిగి తిరిగి వచ్చే మాట ఒకటి ఉంటుంది. మకుటం అంటారు. పాశ్చాత్య పాటలో కోరస్ చేసే పని కొంతవరకు అది చేస్తుంది, ఒక తేడాతో. కోరస్ చాలావరకు అదే అర్థంతో వస్తుంది. తత్వంలో చరణం మారిన కొద్దీ అదే మకుటానికి అర్థం లోతవుతుంది. పీర్ల పండుగ ‘అసోయ్ దూలా’ నుంచి వచ్చిన ఉర్దూ మాటలు కూడా ఈ ధారలో కలిశాయి. ‘గల్లీ సిన్నది, గరీబోళ్ల కథ పెద్దది’ అన్న వెంకన్న పల్లవిలో గల్లీ, గరీబు రెండూ బయటి మాటలే, ‘గ’తో ‘గ’ కలిపింది మాత్రం తెలుగు చెవి.

బ్యాండ్ల దగ్గరికి మళ్లీ వస్తే, వాళ్లు ఎక్కువగా జాగ్రత్త పడేది యాస మీద. సూడు, సేను, ఏడికి అని పలకడం కష్టపడి నేర్చుకుంటారు, మంచిదే. కానీ యూట్యూబ్ కోసం పాటను నాలుగు నిమిషాలకు కుదించేటప్పుడు పెద్దగా ఆలోచించకుండా చరణాలు కోసేస్తారు. పిలుపు మీద కట్టిన పాటలో ఒక చరణం పోయినా పాట బతుకుతుంది. వరస మీద కట్టిన పాటలో అట్లా కుదరదు. కుమ్మరిని ఉంచి సాలెను తీసేస్తే ఆ ఊళ్లో మగ్గం ఎన్నడూ లేనట్టే అవుతుంది. పోచంపల్లి, గట్టుప్పల్ వైపు ఇంకా మగ్గాలు ఆడుతున్నాయి. అక్కడినుంచి కొడుకు ప్రోగ్రాం చూద్దామని నల్లగొండ దాకా బస్సెక్కి వచ్చిన తండ్రి ఒకరు హాల్లో వెనక వరసలో కూర్చుని ఉంటారు. పాట వడ్రంగి బాడిస దాటగానే ఆయన కొంచెం ముందుకు వంగుతారు, తర్వాతి పాదం తన మగ్గానిదని ఆయనకు తెలుసు.